బెంగళూరులో చదువు: అడ్వాన్సు కట్టే ముందు ఒక మంగళవారం

ఏటా మే నెల చివరికల్లా నా ఫోను ఊరి నంబర్లతో మోగిపోతుంటుంది. "మా వాడికి బెంగళూరులో సీటు చూడాలి, ఏ కాలేజీ మంచిది?" అని. హిందూపురం నుంచి వచ్చి ఇక్కడే చదివి, ఇక్కడే ఉద్యోగంలో కుదురుకున్న పాపానికి చుట్టాలకీ, చుట్టాల చుట్టాలకీ నేనే ఎంక్వైరీ కౌంటర్. పదేళ్లుగా అందరికీ ఒకటే చెబుతున్నాను. డబ్బు కట్టే ముందు ఒక మామూలు మంగళవారం ఆ కాలేజీ గేటు దగ్గర గడపండి. ఆదివారం రావద్దు. ఆదివారం బెంగళూరు ఎవరికైనా నచ్చుతుంది.

మంగళవారం దాకా వెళ్లేముందు ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని కొంత ఉంది. అది చూద్దాం.

ముందు ఏ దారిలో వెళ్లాలో తేల్చుకోండి

ఇంజనీరింగ్ అయితే మూడు దారులు. మొదటిది కేసీఈటీ, కర్ణాటక ప్రభుత్వం పెట్టే ప్రవేశ పరీక్ష. ఈ ర్యాంకుతో వచ్చే ప్రభుత్వ కోటా సీట్లు చాలావరకు కర్ణాటక వాళ్లవే. ఇక్కడ కనీసం 7 ఏళ్లు చదివి, పదో తరగతో రెండో పీయూసీయో (మన ఇంటర్ రెండో ఏడాది లాంటిది) ఇక్కడే పాసై ఉండాలి. ఇంకొన్ని మినహాయింపులున్నాయి గానీ మన ఇంటర్ పిల్లల్లో ఎక్కువ మందికి అవి వర్తించవు. ఒక్క మాట మాత్రం మా సీమ వాళ్ల కోసం చెప్పాలి. మడకశిర, రాయదుర్గం, ఆదోని, ఆలూరు లాంటి సరిహద్దు తాలూకాల్లో పుట్టి పెరిగి, ఇంట్లో కన్నడం మాట్లాడే కుటుంబాలకు 'గడినాడు కన్నడిగ' అనే కేటగిరీ ఉంది. కన్నడం పరీక్ష పెడతారు. అర్హత ఉండి కూడా ఆ పేరే వినని వాళ్లను చూశాను. మీది అలాంటి ఇల్లయితే ఆ ఏడాది కేసీఈటీ బ్రోషర్ తెరిచి ఆ పేజీ చదవండి.

రెండోది కామెడ్‌కె, కర్ణాటకలోని ప్రైవేటు కాలేజీలు కలిసి పెట్టే ప్రవేశ పరీక్ష. మనవాళ్లకు అసలు దారి ఇదే. ఏ రాష్ట్రం వాళ్లయినా రాయొచ్చు. మూడు గంటల పరీక్ష, 180 ప్రశ్నలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ తలా 60. నెగటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క గడీ కూడా ఖాళీగా వదలకండి. ఎంసెట్‌కి చదివిన చదువే సరిపోతుంది, కొత్తగా కోచింగ్ అక్కర్లేదు. కౌన్సెలింగ్‌లో సీటు వచ్చాక 'యాక్సెప్ట్ అండ్ ఫ్రీజ్', 'యాక్సెప్ట్ అండ్ అప్‌గ్రేడ్' అని అడుగుతారు. ఫ్రీజ్ నొక్కితే తర్వాతి రౌండుకు వెళ్లే వీలుండదు. టెన్షన్‌లో అది నొక్కేసి, ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసి ఏడ్చిన అమ్మాయి ఒకరు మా చుట్టాల్లోనే ఉంది. ఫీజు ఏడాదికి రెండు లక్షల పైమాటే. నాలుగేళ్లకు లెక్కేసుకోండి.

మూడోది మేనేజ్‌మెంట్ కోటా, అంటే కాలేజీ యాజమాన్యమే నేరుగా ఇచ్చే సీట్లు. ఊరి బస్టాండు దగ్గరి కన్సల్టెన్సీ వాళ్లు "బెంగళూరు డైరెక్ట్ అడ్మిషన్" అని బోర్డు పెట్టేది దీని కోసమే. ఇందులో నా అనుభవం చెబుతాను. నేను ఇంటర్ అయిపోయిన ఏడాది, మా ఊళ్లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు సీటు 'బ్లాక్' చేస్తామని మా నాన్న దగ్గర 25,000 తీసుకున్నారు. రసీదు మీద వాళ్ల ముద్రే ఉంది, కాలేజీ పేరు లేదు. కాలేజీకి వెళ్లి అడిగితే అలాంటి డబ్బేదీ మాకు రాలేదన్నారు. నాలుగు నెలలు తిరిగితే 10,000 వచ్చింది. మిగతాది ఏమైందని మా నాన్నను ఇప్పటికీ అడగలేను. అందుకే చెబుతున్నా, డబ్బు కాలేజీ ఖాతాలోకే వెళ్లాలి, రసీదు కాలేజీదే అయ్యుండాలి. నిర్ణయించిన ఫీజు పైన 'డొనేషన్' అడిగితే అది క్యాపిటేషన్ ఫీజు. దాన్ని నిషేధిస్తూ కర్ణాటకలో 1984లోనే చట్టం చేశారు. చట్టం ఉంది కాబట్టే ఆ డబ్బుకు రసీదు ఇవ్వరు. రసీదు ఇవ్వని డబ్బును తిరిగి అడగడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

ఇంజనీరింగ్ కాకపోతే దారులు వేరు. లా అయితే నేషనల్ లా స్కూల్‌కు క్లాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. నర్సింగ్, ఫిజియోథెరపీ లాంటి కోర్సులయితే ఆ కాలేజీ రాజీవ్ గాంధీ హెల్త్ సైన్సెస్ యూనివర్సిటీ కింద ఉందో లేదో చూడాలి. బీకాం, బీబీఏ, బీఎస్సీ అయితే చాలా పాత కాలేజీలు సొంతంగా అప్లికేషన్లు తీసుకుంటాయి. అవి ఇంటర్ ఫలితాల ముందే మొదలవుతాయి. జూన్‌లో నిద్ర లేస్తే లాభం లేదు.

డిగ్రీ కాగితం మీద ఎవరి పేరుంటుంది?

కాలేజీ గేటు మీద ఉన్న పేరూ డిగ్రీ మీద ఉండే పేరూ ఒకటే కానక్కర్లేదు. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎక్కువ భాగం వీటీయూ (విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీ) కింద ఉంటాయి. 1998లో పెట్టిన ఆ యూనివర్సిటీ కేంద్రం బెంగళూరులో లేదు, బెళగావిలో ఉంది. వీటీయూ కింద ఉండి 'ఆటానమస్' అయిన కాలేజీలు సొంతంగా పరీక్షలు పెట్టుకుంటాయి, డిగ్రీ మాత్రం వీటీయూదే. ఇక డీమ్డ్, ప్రైవేటు యూనివర్సిటీలు డిగ్రీ తామే ఇస్తాయి. మామూలు డిగ్రీ కాలేజీలకు ఒకప్పుడు 1964 నాటి బెంగళూరు యూనివర్సిటీ ఒక్కటే ఉండేది. 2017లో దాన్ని మూడు చేశారు. మీ కాలేజీ ఆ మూడింటిలో దేని కిందకు వస్తుందో అడగండి, రేపు ట్రాన్స్‌క్రిప్ట్ కోసం తిరగాల్సింది ఆ ఆఫీసు చుట్టే.

యూనివర్సిటీ పేరును యూజీసీ (యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ) వెబ్‌సైట్‌లోని జాబితాలో వెతకండి. నకిలీ యూనివర్సిటీల జాబితా కూడా అక్కడే ఉంటుంది. ప్రైవేటు యూనివర్సిటీలకు బయటి కాలేజీలను అఫిలియేట్ చేసుకునే అధికారం లేదు. కాబట్టి ఎక్కడో రెండంతస్తుల బిల్డింగులో కూర్చోబెట్టి వేరే రాష్ట్రపు ప్రైవేటు యూనివర్సిటీ డిగ్రీ ఇప్పిస్తామంటే లేచి వచ్చేయండి. న్యాక్, ఎన్‌బీఏ రెండూ నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థలు. న్యాక్ గ్రేడు మొత్తం కాలేజీకి ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడిగా ఇస్తారు. "మాకు ఎన్‌బీఏ ఉంది" అన్నప్పుడు "ఏ బ్రాంచికి, ఏ ఏడాది వరకు?" అని అడగండి. అవతలివాళ్లు ఒక్క క్షణం ఆగితే మీకు జవాబు దొరికినట్టే.

మంగళవారం

ముందు రోజు రాత్రి బస్సో రైలో ఎక్కి తెల్లారేసరికి దిగండి. రైలయితే ఎక్కడ దిగుతారో టికెట్ మీద చూసుకోండి. మెజెస్టిక్ దగ్గరి కేఎస్ఆర్ స్టేషన్, యశ్వంతపుర, బయ్యప్పనహళ్లి దగ్గరి విశ్వేశ్వరయ్య టెర్మినల్, ఈ మూడూ ఒకదానికొకటి చాలా దూరం. టిఫిన్ చేసి, ఏడున్నరకి మీరు ఉండబోయే ఏరియా నుంచి కాలేజీకి బస్సులో బయల్దేరండి. కారులో వద్దు, మామయ్య బైక్ మీద అస్సలు వద్దు. రేపు మీరు రోజూ వెళ్లే పద్ధతిలోనే వెళ్లండి. సిల్క్ బోర్డు, హెబ్బాళ, టిన్ ఫ్యాక్టరీ, గొరగుంటెపాళ్య. ట్రాఫిక్ ఆగిపోయే ఈ నాలుగు చోట్లలో ఏది మీ దారిలో ఉన్నా వాచీ చూసుకోవడం మొదలుపెట్టండి. కిలోమీటర్లు ఇక్కడ పనికిరావు. ఇక్కడివాళ్లు దూరం ఎంత అంటే నిమిషాల్లోనే చెబుతారు.

మెట్రో దగ్గరున్న కాలేజీ అయితే ఈ బాధ సగం తగ్గుతుంది. పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా ఊరిని అడ్డంగా కోస్తుంది. మైసూరు రోడ్డు వైపు చాలా కాలేజీలు, బెంగళూరు యూనివర్సిటీ జ్ఞానభారతి క్యాంపస్‌తో సహా, ఆ లైన్ పక్కనే. గ్రీన్ లైన్ బసవనగుడి, బనశంకరి మీదుగా కనకపుర రోడ్డు వైపు వెళ్తుంది. ఎలక్ట్రానిక్ సిటీ వైపు వెళ్లే ఎల్లో లైన్ 2025 ఆగస్టులో మొదలైంది. సెంట్రల్ కాలేజీకీ, 1917లో విశ్వేశ్వరయ్య పెట్టించిన ఇంజనీరింగ్ కాలేజీకీ నడిచి వెళ్లేంత దగ్గరలోనే స్టేషన్లున్నాయి. ప్రాస్పెక్టస్‌లో 'బెంగళూరు' అని ఉండి, కాలేజీ దేవనహళ్లి దాటాకో నెలమంగల వైపో ఉందనుకోండి, మీరు చదివేది ఊరి బయట. అది తప్పు కాదు, కొందరికి ప్రశాంతంగా నచ్చుతుంది కూడా. కానీ ఇంటర్న్‌షిప్ కోసం ఊళ్లోకి రావాలంటే రోజుకు మూడు గంటలు రోడ్డు మీదే పోతాయి.

గేటు దగ్గరికి చేరాక లోపల అడ్మిషన్ ఆఫీసుకు తిన్నగా వెళ్లకండి. అక్కడ ఏసీ ఉంటుంది, కాఫీ ఇస్తారు, ప్యాకేజీల పోస్టర్లుంటాయి. ముందు బయటి టీ కొట్టు దగ్గర నిలబడండి. పదకొండింటి బ్రేకులో పిల్లలు వస్తారు. ఎవరో ఒకరు తెలుగులో మాట్లాడతారు, ఆ గ్యారంటీ నాది. "ఏపీనా బ్రో, తెలంగాణనా?" అనే ప్రశ్న అయిపోయాక మీ ప్రశ్నలు అడగండి. ఫస్టియర్ వాళ్లను అడగొద్దు, వాళ్లింకా పెళ్లికొడుకుల్లా ఉంటారు. మూడో ఏడాది వాళ్లను అడగండి. "నిన్న ఎన్ని క్లాసులు జరిగాయి? మీ బ్రాంచిలో, మీ సీనియర్లలో మీకు పేరు తెలిసిన ఎంతమందికి ఉద్యోగం వచ్చింది? చెప్పిన ఫీజు కాక ఇంకేమేం కట్టారు?" ఈ మూడు చాలు. మూడో ప్రశ్నకు వాళ్లు వేళ్లు మడుస్తూ చెబుతారు. స్కిల్ ట్రైనింగ్, యూనిఫాం, పరీక్ష ఫీజు, బస్సు, ల్యాబు. ఆ వేళ్లు లెక్కపెట్టుకోండి.

పిల్లాడి వెంట వచ్చిన పెద్దవాళ్లు ఇక్కడ కాస్త దూరంగా నిలబడితే మంచిది. నాన్న పక్కన ఉంటే ఎదుటి పిల్లాడు "బాగుంది అంకుల్" అనేసి వెళ్లిపోతాడు.

ఆ తర్వాతే లోపలికి వెళ్లండి. లైబ్రరీ చూపించమనండి. అద్దాల బీరువాల్లో పుస్తకాలున్నాయా అన్నది కాదు చూడాల్సింది, కుర్చీల్లో మనుషులున్నారా అని చూడండి.

డబ్బు, కాగితాలు

మన రాష్ట్రంలో వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటును బెంగళూరు లెక్కలో కలుపుకోకండి. అది లేదనుకునే బడ్జెట్ వేసుకోండి. బ్యాంకు లోను తీసుకుంటే మామూలుగా 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగరు. కోర్సు అయ్యాక ఇంకో ఏడాది దాకా కిస్తీలు మొదలవ్వవు. అయితే వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే పెరుగుతుంటుంది. ఆ వడ్డీ వరకైనా నెలనెలా కట్టగలిగితే నాలుగేళ్ల తర్వాత మీరే సంతోషిస్తారు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018 నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది. చూసి తిరిగి ఇచ్చేయాలి. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజుల ముందే మానుకుంటే ఫీజు వెనక్కివ్వాలనీ, ప్రాసెసింగ్ కింద 5,000 మించి కోయకూడదనీ అందులోనే ఉంది. ఎంసెట్ కౌన్సెలింగ్ కోసం ఎదురుచూస్తూ ఇక్కడ ఒక సీటు పట్టుకునేవాళ్లకు ఇది ప్రాణం లాంటి రూలు. మానుకుంటున్నామని మెయిల్‌లో రాయండి. ఫోన్లో చెప్పిన మాటకు తేదీ ఉండదు.

ఇంటర్ బోర్డు నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ ఊళ్లో ఉన్నప్పుడే తెచ్చుకోండి. వేరే రాష్ట్రం వాళ్లను యూనివర్సిటీ ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ అడుగుతుంది, ఆ పని కాలేజీ ఆఫీసే చూస్తుంది గానీ కాగితాలు మీరివ్వాలి. టీసీ, మెమోలు, కుల ధ్రువీకరణ తలా పది జిరాక్సులు, ఫోటోలు ఇరవై. ఎక్కువనిపిస్తుంది. సెప్టెంబరుకల్లా అయిపోతాయి.

రూము

మొదటి ఏడాది కాలేజీ హాస్టల్లోనో, కాలేజీకి నడిచి వెళ్లగలిగే పీజీలోనో (పేయింగ్ గెస్ట్, అంటే ప్రైవేటు హాస్టల్) ఉండండి. ఇల్లు బాడుగకు తీసుకుందామని నలుగురు కుర్రాళ్లు మొదటి వారంలోనే ప్లాను వేస్తారు. ఇక్కడ ఇంటి అడ్వాన్సు నెల బాడుగకు ఐదు రెట్లు, పది రెట్లు దాకా ఉంటుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద కోత. రెండో ఏడాదికి ఎవరు ఎవరితో ఉండగలరో తెలిశాక చూసుకోవచ్చు. 'భోగ్యక్కె' అని బోర్డు కనిపిస్తే అది బాడుగ కాదు. లక్షల్లో ఒకేసారి ఇచ్చి, నెలనెలా ఏమీ కట్టకుండా ఉండి, చివర్లో ఆ డబ్బు వెనక్కి తీసుకోవడం. చదువుకునే పిల్లలు అటు చూడనే వద్దు.

పీజీని పొద్దున ఏడింటికి వెళ్లి చూడండి. సాయంత్రం ఏ పీజీ అయినా బాగుంటుంది, ఊదొత్తి వెలిగించి ఉంటుంది. పొద్దున ఏడింటికి బాత్రూం బయట బకెట్ల లైను కనబడుతుంది. మా పిన్ని కొడుకును చేర్పించినప్పుడు నేను చూసిన లైనులో తొమ్మిది బకెట్లున్నాయి. ఒక్కోదాని మీద మార్కర్‌తో పేరు రాసి ఉంది, ఒకదాని మీద మాత్రం 'ముట్టుకుంటే చంపేస్తా' అని తెలుగులో. ఆ అంతస్తుకు రెండే బాత్రూములు. అక్కడ చేర్పించలేదు.

కుళాయి తిప్పి, "కావేరి నీళ్లా, బోరా, ట్యాంకరా?" అని అడగండి. 2024 వేసవిలో బోర్లు ఎండి ఊరు ఊరంతా ట్యాంకర్ల వెంట పడింది. బోరు నీళ్లయితే తలస్నానం చేసిన మూడో వారానికి జుట్టు రాలుతోందని మీ అమ్మకు ఫోన్ చేస్తారు, అందరూ చేస్తారు. బెంగళూరు నగరపాలిక 2024లో పీజీలకు పెట్టిన నిబంధనల్లో మనిషికి కనీసం 70 చదరపు అడుగుల చోటు, రోజుకు 135 లీటర్ల నీళ్లు అని ఉంది. టేపు తీసుకెళ్లి కొలవమని అనను. మంచం మీద కూర్చుని రెండు చేతులూ చాపండి. ఒక చెయ్యి గోడకూ ఇంకో చెయ్యి పక్కవాడి దిండుకూ తగిలితే ఆలోచించుకోండి.

డిపాజిట్ ఎంత, ఖాళీ చేసేటప్పుడు 'మెయింటెనెన్స్' అని ఎంత పట్టుకుంటారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి. ఈ మూడూ ఓనర్ చేత వాట్సాప్‌లో రాయించుకోండి. డబ్బు యూపీఐలో పంపి, 'పీజీ డిపాజిట్' అని నోట్ పెట్టండి. సెలవుల్లో రెండు నెలలు ఊరికి వెళ్తే బాడుగ సగం తీసుకుంటారా అన్నది కూడా చేరేటప్పుడే అడగాలి. చేరాక అడిగితే నవ్వుతారు.

ర్యాగింగ్ జరిగితే మౌనంగా ఉండొద్దు. 1800-180-5522 యూజీసీ హెల్ప్‌లైన్, పగలూ రాత్రీ పనిచేస్తుంది. నంబరు ఇప్పుడే సేవ్ చేసుకోండి.

బస్సు, భాష, తిండి

బీఎంటీసీ (ఇక్కడి సిటీ బస్సులు) స్టూడెంట్ పాస్ కర్ణాటక ప్రభుత్వ సేవాసింధు పోర్టల్‌లో అప్లై చేయాలి, కాలేజీ ధ్రువీకరణ కావాలి. అమ్మాయిలు ఒకటి గుర్తుంచుకోండి. 2023 జూన్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం అన్నది కర్ణాటక వాళ్లకే. ఆంధ్రా, తెలంగాణ అడ్రస్ ఉన్న ఆధార్ చూపిస్తే కండక్టర్ టికెట్ కొడతాడు. దబాయించకండి, అతని తప్పేం లేదు.

కన్నడ లిపి మనకు వారం రోజుల పని. సగం అక్షరాలు మనవే, తలకట్టు దగ్గరే తేడా. బస్సు బోర్డులు చదువుతూ నేర్చుకోండి. మాటల్లో మాత్రం జాగ్రత్త. నేను వచ్చిన కొత్తలో ఇల్లు వెతుకుతూ ఒక వాచ్‌మన్‌ను అడిగితే "మనె ఇల్ల" అన్నాడు. 'ఇల్లు' అన్నాడనుకుని సంతోషంగా గేటు తీసుకుని లోపలికి వెళ్లాను. కన్నడంలో మనె అంటే ఇల్లు, ఇల్ల అంటే లేదు. "తిండి ఆయ్తా?" అంటే టిఫిన్ అయిందా అని అడుగుతున్నారు, మర్యాదకే. "ఇల్లి నిల్లిసి" (ఇక్కడ ఆపండి), "ఎష్టు?" (ఎంత?), "బేడ" (వద్దు), "స్వల్ప జరుగి" (కాస్త జరగండి). ఈ నాలుగూ వస్తే బస్సులో బతకొచ్చు. తెలుగు అందరికీ అర్థమవుతుంది కదా అని మొదటి రోజు నుంచే తెలుగులో మొదలుపెట్టడం నాకు నచ్చదు. రెండు ముక్కలు కన్నడంలో మాట్లాడితే తర్వాత వాళ్లే తెలుగులోకి వస్తారు.

సాంబారు తియ్యగా ఉంటుంది. అలవాటవుతుంది, లేదా అమ్మ పంపిన గోంగూర పచ్చడి మూత తీస్తారు. దర్శినిలో (ఇక్కడి చిన్న టిఫిన్ హోటల్) నిలబడి ఖారాబాత్ (కారం ఉప్మా) తినడం మాత్రం మొదటి వారంలోనే నేర్చుకోండి, అంత తక్కువలో అంత వేడిగా ఇంకెక్కడా దొరకదు. పుస్తకాలకు అవెన్యూ రోడ్డుకు వెళ్లండి. ఇంజనీరింగ్ పాత పుస్తకాలు సగం ధరకే వస్తాయి, పెన్సిల్‌తో ముఖ్యమైన ప్రశ్నలు గుర్తుపెట్టి మరీ ఉంటాయి.

ఇక సంక్రాంతి టికెట్. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు ఉదయం 8కి తెరుచుకుంటుంది. అంటే నవంబరు రెండో వారం. ఆ తేదీ ఇప్పుడే ఫోన్లో పెట్టుకోండి, పేర్లూ వయసులూ ముందే సేవ్ చేసుకోండి, ఆ పది నిమిషాలు మాత్రం పీజీ వైఫై ఆపేసి మొబైల్ డేటా వాడండి. అది తప్పిపోతే మిగిలేది ప్రైవేటు బస్సు, ఆ వారం దాని రేటు చూసి మీ నాన్న "పండక్కి రాకపోతే ఏం లేరా" అంటారు.